వెనక సీట్లో బొరుగులు

మా మహితకు కారెక్కడమంటే ఎంత సంబరమో, ఎక్కాక కక్కడం కూడా అంత ఖాయం. ఏడేళ్ల పిల్ల. తిరుపతిలో బయలుదేరేటప్పుడు పాటలు పాడుతుంది. చంద్రగిరి దాటాక మాటలు తగ్గుతాయి. భాకరాపేట ఘాటులో మలుపులు మొదలయ్యేసరికి "నాయనా..." అంటుంది. ఆ పిలుపు వింటే చాలు, నా కాలు బ్రేకు మీదికి పోతుంది. బండి పక్కకు తీసేలోగా తిన్న ఇడ్లీలు, తాగిన పాలు అన్నీ సీటు మీదే.

నాకు మొదటినుంచీ అసహ్యం ఎక్కువ. ఎంగిలి గ్లాసు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. మందుల షాపు నడిపేవాడికి ఇంత చాదస్తమేమిటని అందరూ నవ్వుతారు. సీటు సందుల్లో ఎండిపోయిన పెరుగన్నాన్ని అగ్గిపుల్లతో గీకి తీసేవాడికి కదా తెలిసేది.

కారు కొన్నది రెండువేల నాలుగులో. చిన్న సంసారాలకని చేసిన జీపులాంటి బండి. ఎత్తుగా ఉంటుంది, మలుపు తిరిగితే ఓ పక్కకు ఒరిగిపోతుంది. మా అత్తగారిది పీలేరు కాబట్టి ఆ ఘాటు మాకు తప్పదు. చివరికి రేణిగుంట రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు రాజారత్నం దగ్గరికి తీసుకెళ్లాను. అతను బండిని మూలమూలా కిందికి నొక్కి చూశాడు.

"స్ప్రింగులు మరీ మెత్తంగా ఉండాయన్నా. పాపని ఉయ్యాల్లో కూసోబెట్టినట్టే ఉండాది. ఎనక గట్టివి ఏసి, షాకులు మార్సి, టైర్లు రొంత వెడల్పువి ఏస్తే ఒరగదు."

"ఏసేయప్పా. పిల్ల కక్కకుంటే సాలు నాకు."

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

టైర్లూ, కుదుపు తగ్గించే షాకులూ కొత్తవే దొరికాయి. స్ప్రింగులు మాత్రం మద్రాసులో పాత సామాన్ల బజారు నుంచి తెప్పించాడు. వాటికి కొత్తగా నల్లరంగు పూసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగు వాసన కింద ఇంకో వాసన తగిలింది. కుళ్లిన బంతిపూల వాసన. దాని వెనక ఇంకేదో, తియ్యగా, కొవ్వు కాగినట్టు. స్ప్రింగు చివరి రబ్బరులో తెల్లటి గింజ ఒకటి ఇరుక్కుని ఉంటే గోరుతో లాగాను. బొరుగు, మరమరాల గింజ. మెత్తగా, తడిగా ఉంది. వేలికి అంటుకుని ఒక పట్టాన ఊడలేదు. పెట్రోలుతో చెయ్యి కడుక్కున్నా ఆ జిగట పోలేదు.

"యే బండివప్పా ఇవి?"

"ఏదో వ్యానువంట. బరువులు మోసిన బండి లేన్నా, దిట్టంగా ఉంటాయి."

బిగించడం అయ్యాక రాజారత్నం నాలుగు టైర్లకూ నిమ్మకాయలు ఆనించి పెట్టాడు. నేనింకా తలుపు కూడా తీయలేదు. వెనక ఎడమ టైరు దగ్గర కాయ చిట్లి, రసం నా కాలి మీద చిమ్మింది. బండి కదల్లేదు. లోపల ఎవరూ లేరు. వంగి చూస్తే ఆ ఒక్క మూల మాత్రం బండి బెత్తెడు కిందికి దిగి ఉంది, ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.

"కొత్తగా ఏసినాం గదన్నా, సర్దుకుంటాది" అని తల గోక్కుని, రాజారత్నం ఇంకో కాయ పెట్టాడు.

తర్వాతి ఆదివారం పీలేరు వెళ్లాం. దారిలో మహిత కక్కలేదు. బండి మలుపుల్లో రోడ్డును పట్టుకుని పోతుంటే నా భార్య లోకేశ్వరి నావైపు చూసి నవ్వింది. "పిల్ల కోసం బండికి ఆపరేషన్ చేయించినాడు అల్లుడు" అని అత్తగారు ఊరంతా చెప్పుకుంది. నాకూ గర్వంగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఘాటు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. సన్నగా తుంపర. అడవిలోంచి తడి మట్టి వాసన వస్తోంది. వైపర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అద్దంలో చూస్తే మహిత కుడి తలుపుకు అతుక్కుపోయి కూర్చుంది.

"నడుమ కూసో తల్లీ. తలుపు కాడ వద్దు."

"సోటు లేదు నాయనా."

సీటంతా ఖాళీ. ఆటలనుకున్నాను. కాసేపటికి వెనకనుంచి కరకర చప్పుడు వచ్చింది. ఏదో నములుతోంది.

"ఏం తింటాండావు?"

"బొరుగులు."

లోకేశ్వరి నావైపు తిరిగి మెల్లగా అంది. "నేనియ్యలేదే..."

"మీయమ్మ ఇచ్చిందేమో."

"మాయింట్లో బొరుగులు యాడియి?"

అప్పుడొచ్చింది వాసన. షెడ్డులో పీల్చిన వాసనే. కుళ్లిన బంతిపూలు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. నాలుక మీద ఆ తీపి పేరుకుంది. ఎడమచేత్తో లోపలి లైటు వేశాను.

పిల్ల ఒడి నిండా బొరుగులు. తడిసి ముద్ద కట్టినవి. మధ్యలో కుంకుమ, నల్లబడిన బంతిరేకులు. మా వైపు బొరుగులు రెండు చోట్ల చూస్తాం. సాయంత్రం కాఫీ పక్కన... శవం మీద చల్లుతూ పోయిన దారిలో. ఇవి ఎక్కడివో అడగక్కర్లేదు. అవి నా కూతురి నోట్లో ఉన్నాయి. పెదవుల చుట్టూ అంటుకుని ఉన్నాయి. నములుతోంది.

"ఎవురిచ్చినారే..." అన్నాను.

మహిత ఎడమపక్కకు చూసింది. పక్కన కూర్చున్న వాళ్లను చూపించినట్టు గడ్డం ఎత్తి చూపింది.

"ఈయమ్మ. ఆమె మీంద శానా ఉండాయి నాయనా. ఏరుకుని తింటా ఉండా."

బండి ఎలా ఆపానో తెలియదు. లోకేశ్వరి వెనక తలుపు తీసి పిల్లను బయటికి లాగింది. రోడ్డు పక్కన కూర్చోబెట్టి గొంతులోకి వేలు పెట్టింది. నేను పిల్ల గడ్డం కింద దోసిలి పట్టాను. ఆ దోసిలి పట్టింది నేనేనా అని ఇప్పటికీ అనుకుంటాను.

"కక్కు తల్లీ... కక్కు. నా చేతుల్లో కక్కు."

పిల్ల డోకింది. ఏమీ రాలేదు. మళ్లీ డోకింది. ఉమ్ము కూడా రాలేదు. జన్మలో మొదటిసారి ఆ పుల్లటి ముద్దల కోసం దేవుణ్ణి వేడుకున్నాను. మహిత మాత్రం నిదానంగా మూతి తుడుచుకుంది.

"రాలేదు నాయనా. కడుపు నిండుగా ఉండాది."

వెనక్కి తిరిగి చూశాను. బండి ఖాళీ. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వెనక ఎడమ మూల మాత్రం అలాగే కుంగి ఉంది. కొత్త టైరు సగందాకా మడ్‌గార్డు లోపలికి దూరిపోయింది. నేను చూస్తుండగానే... ఆ మూల మెల్లగా పైకి లేచింది. బరువు దిగినట్టు.

బండిని అక్కడే వదిలి, వచ్చిన బస్సు ఎక్కేశాం. ఆ మలుపులకు పెద్దవాళ్లు కూడా కిటికీల్లోంచి తలలు బయట పెట్టి కక్కుతున్నారు. మహిత కక్కలేదు. వాళ్లమ్మకూ తనకూ మధ్య కాస్త చోటు వదిలి కూర్చుంది.

మర్నాడు రాజారత్నం బండిని తాడు కట్టి తెచ్చుకుని స్ప్రింగులు ఊడదీశాడు. సాయంత్రం ఫోను చేశాడు. స్ప్రింగులు అమ్మిన మద్రాసు వాణ్ని గట్టిగా అడిగాడట.

"శవాల బండివంటన్నా. నాకు తెలీదు, నా బిడ్డల మీంద ఒట్టు. నీ బండి పాతవే మళ్లా బిగించినా. ఆ మద్రాసువి తీసకపోయి స్వర్ణముఖి ఏట్లో పారేసినా."

ఆ తర్వాత బండిలో ఏ వాసనా లేదు. ఎప్పటిలా మలుపుల్లో ఒరిగిపోతోంది. మహిత మాత్రం మళ్లీ కక్కలేదు. అన్నం కూడా ముట్టడం లేదు. కంచం ముందు పెడితే "కడుపు నిండుగా ఉండాది" అంటుంది. బుగ్గలు లోపలికి పోయాయి. డాక్టరు టానిక్కులు రాశాడు. అవి నా షాపులోవే. తాగించబోయాను, గుటక దిగలేదు.

నిన్న మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి మహిత నవారు మంచం మీద, గోడవైపు అంచున పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె పక్కన నవారు నిలువునా గుంట పడి ఉంది. ఒక మనిషి పొడవు. గదిలో బంతిపూల కంపు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"తల్లీ... ఇట్ల రా. నాయన కాడికి రా."

మహిత నావైపు తిరగలేదు.

"ఆమె మీంద అన్నీ అయిపోయినాయి నాయనా" అంది. "ఇంగ నా మీంద సల్లుతాదంట."

పక్కన నవారు మెల్లగా పైకి లేచి సమంగా అయింది. ఎక్కడినుంచో తడి బొరుగు ఒకటి జారి, మహిత నుదుటి మీద పడింది.