సగం తెరుచుకున్న వాల్వులు

ఆమె భయమంతా ఒక్కటే: ఆసుపత్రిలో భర్త కళ్లు తెరవగానే చేతికి బేడీలు పడతాయేమోనని.

ఎనిమిది నెలల పాపను చంకనేసుకుని డిటెక్టివ్ గదిలోకి వచ్చింది. మాట ఆచితూచి వాడతాడని ఆ డిటెక్టివ్‌ను అందరూ తక్కెడ అంటారు. ఆయన చెల్లెలే అసిస్టెంటు.

"నిన్న పొద్దున మా ఆయన పనిచేసే షెడ్డులో కొత్త ఇంజను పేలిందండీ. అక్కడి ఎలక్ట్రీషియన్ చనిపోయాడు. మా ఆయనకి తల పగిలింది. ఆయనే కంప్యూటర్లో ఏదో మార్చాడని ఇంజనీరు గారు పోలీసులకి చెప్పారు. ఆయన అలాంటి మనిషి కాదండీ."

"అవునో కాదో ఇంజనే చెబుతుందమ్మా."

"ఇంజన్లు కూడా అన్నయ్యకి అబద్ధం చెప్పలేవులే," అంది చెల్లెలు, ఆమెను కూర్చోబెడుతూ.

ముగ్గురూ వెళ్లేసరికి షెడ్డంతా కాలిన నూనె వాసన. మామూలు ఇంజనులో వాల్వులను తెరిచి మూసేది తిరిగే ఇరుసు. ఈ కొత్త ఇంజనులో ఆ ఇరుసే లేదు. ఒక్కో వాల్వుకూ కరెంటుతో పనిచేసే ఒక కాయిల్. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో కంప్యూటరు పెట్టె చెబుతుంది.

"ఆ వేళల్ని అతనే మార్చాడు. ఇంకెవరికి చేతనవుతుంది?" అన్నాడు ఇంజనీరు.

"పెట్టెలో చూశారా?"

చెల్లెలు పెట్టెలోని వివరాలు చదివింది. ఎనిమిది రోజులుగా ఏ మార్పూ లేదు. కానీ మొన్న సాయంత్రం ఇంజను ఆపినప్పుడు దాని చక్రం సున్నా గుర్తు దగ్గర ఉంది. నిన్న పొద్దున కరెంటు ఇవ్వగానే నలభై దగ్గర ఉంది.

షెడ్డు పెద్ద మేస్త్రీ ఆమె మామగారే. ఆయన కోపంతో ఊగిపోతున్నాడు.

"ఈ కంప్యూటర్ల గొడవ నాకెత్తకండి బాబూ. ముప్పై ఏళ్లుగా చేత్తో రెండు చుట్లు తిప్పి చూసుకోందే ఒక్క ఇంజనునీ స్టార్టు చెయ్యనివ్వలేదు. అలాంటి నా ఎదుటే నా కొడుకు మీద నిందా?"

తక్కెడ ఇంజనీరు వైపు తిరిగాడు.

"కరెంటు లేనప్పుడు వాల్వులు ఎలా ఉంటాయి?"

"స్ప్రింగుల మధ్య సగం తెరుచుకుని ఉంటాయి. కరెంటు వస్తేనే మూసుకుంటాయి."

తక్కెడ అందరినీ ఇంజను చుట్టూ నిలబెట్టాడు. వంగిన వాల్వు కాడను అరచేతిలో పెట్టి చూపించాడు.

"చక్రం దానంతటది తిరగదు. కరెంటు లేనప్పుడు ఎవరో చేత్తో తిప్పారు. పైకొచ్చిన పిస్టన్ సగం తెరిచిన వాల్వును గుద్ది వంచింది. స్టార్టు చేశాక ఆ వాల్వు తల తెగి లోపల పడింది. అంతే, పేలింది. ఇది పగతో చేసిన పని కాదు. అలవాటున్న చెయ్యి చేసింది."

ఆమె మామగారి వైపు చూడకూడదనుకుంది. చూసింది.

మేస్త్రీ తన అరచేతులనే చూసుకుంటున్నాడు. "మొదటి చుట్టులోనే పట్టేసింది," అన్నాడు మెల్లగా. "కొత్తది కదా, బిగువనుకున్నా. గట్టిగా లాగేశాను."



"కరెంటు లేనప్పుడు దీన్ని చేత్తో తిప్పకూడదని మేస్త్రీకి చెప్పారా?" అని తక్కెడ ఇంజనీరును అడిగాడు.

"అందరికీ తెలుసనుకున్నాను," అన్నాడు ఇంజనీరు తల దించుకుని.

బేడీల భయం తీరింది. సాయంత్రం భర్త కళ్లు తెరవగానే మొదట "నాన్నేడీ?" అని అడిగాడు. మామగారు ఆసుపత్రికి రాలేదు, ఇంటి తలుపు తియ్యడం లేదు. ఇక్కడ భర్త, ఒళ్లో పాప. ఆమె ఒక్కత్తే ఎన్ని చోట్ల ఉండగలదు?

ఆయనది షెడ్డు వెనక వీధిలో నీలం తలుపున్న ఇల్లు. అటుగా వెళ్తే కాస్త ఆగండి. "మేస్త్రీ గారూ" అని పిలవండి. పలికేదాకా పిలవండి.