తలుపుకి ఆనుకున్నవాడు

మొన్న ఆషాఢంలో ఆఖరి శుక్రవారం, సాయంత్రం ఏడూ ఇరవై. కలకత్తా వాట్‌గంజ్‌లో మా మునిసిపాలిటీ క్వార్టరు. ఒకటే గది, ఒకటే తలుపు. వాన వెలిసింది. మురికికాలవ వాసన ఇంట్లోకొచ్చి కూర్చుంది. సింహాద్రప్పన్న పటం ముందు దీపం పెట్టి, పసుపు, సున్నం కలిపిన నీళ్ళతో మా అబ్బాయి మల్లేశుకి దిష్టి తీశాను.

ఆర్నెల్లుగా వాడు ఏవో మీటింగులకి పోతున్నాడు. తిండి లేదు, నిద్ర లేదు. ఎదర గల్లీవాళ్ళు మనల్ని బతకనివ్వరంటాడు. ఆ రాత్రి జట్టుతో పోయి ఆ గల్లీ తగలబెడతాడని వాళ్ళ నాన్నకి తెలిసింది. చెప్పీ చెప్పీ మా నోళ్ళు అలిసిపోయాయి.

దిష్టినీళ్ళు మూడుదార్ల కూడలిలో పొయ్యాలి. "మనోడి చెడుగు ఒకరి గుమ్మంలో పారబొయ్యకే" అనేది మా అత్త. మల్లేశు పళ్ళెం లాక్కున్నాడు.

"దిష్టి ఎట్టింది ఆళ్ళే కదేటి! ఆళ్ళ గుమ్మంలోనే పోస్తాను."

పోసి, నవ్వుతూ వచ్చాడు. చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాడు.

"ఒళ్ళెంత తేలిగ్గుందో అమ్మా!"

"ఏటి తేలిక? గాలిపటానివా? కూకో," అన్నారు ఆయన.

వాడు కూర్చోలేదు. కరెంటు పోయింది. మల్లేశు కిరసనాయిలు డబ్బా పట్టుకుని గడియ తీశాడు. తలుపు తోశాడు... రాలేదు. అవతల ఎవరో వీపు ఆనించి కూర్చున్నట్టుంది.

"అమ్మా..." బయటినుంచి, మెల్లగా. "బయమేస్తంది."

మల్లేశు గొంతు. మల్లేశు నా పక్కనే ఉన్నాడు.

తడి సున్నం వాసన... ఊపిరి చప్పుడు...

"ఆ గల్లీవాళ్ళే. నా గొంతుతో మాటాడతన్నారు!" అన్నాడు మల్లేశు.

"కాదు నాన్నా," అన్నాను గుసగుసగా. "అది నీదే, దిష్టినీళ్ళతో నువ్వు పారబోసిన భయం. లోపలికి రమ్మను."

"నాకేటి బయం? అది నేను కాదు!"

బయట ఏడుపు ఆగింది. తలుపు మాత్రం రాలేదు. జట్టు రోడ్డుమీద ఈలలేసి, కిరసనాయిలు వీడి దగ్గరే ఉండిపోవడంతో చెదిరిపోయింది. తన్ని తన్ని వీడు నేలమీదే నిద్రపోయాడు.

తెల్లారి తోస్తే తలుపు వచ్చింది. బయట ఎవరూ లేరు. ఆయనా నేనూ బకెట్టు, చీపురు పట్టుకుని ఎదర గుమ్మం కడిగాం. ఆ ఇంటి ముసలామె బయటికొచ్చింది.

"మీ అబ్బాయికి ఎలా ఉంది దీదీ? పాపం, రాత్రంతా మీ తలుపుకి ఆనుకునే ఉన్నాడు. టీ ఇస్తే తాగలేదు. లోపల ఒకడున్నాడు, వాణ్ణి బయటికి రానివ్వకూడదన్నాడు."

తిరిగొచ్చాం. ఆకలేస్తోందమ్మా అని లోపల్నుంచి మల్లేశు పిలుస్తున్నాడు. ఆయన నా మొహం చూశారు. ఇద్దరం గుమ్మం బయటే నిలబడిపోయాం.