విప్పని చీటీలు

మా మందిరంలో నేను సంఘ పెద్దని. జనం తమ ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు. శనివారం మధ్యాహ్నం ప్రార్థన గదిలో మోకరించి, ఒక్కొక్కటీ చదివి దేవుడికి విన్నవించడం నా పని. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండేళ్ళుగా ఒక్క చీటీ విప్పలేదు. అన్నీ బీరువా వెనక్కి తోసేసి, ఫ్యాను కింద కునుకు తీసేవాణ్ణి. ఎవరైనా అడిగితే మాత్రం, "మీకోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నా" అనేవాణ్ణి. నాలుక తడబడితే ఒట్టు!

ఆ శనివారం గది తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. మా సంఘంలో మిషను కుట్టే చెల్లెమ్మ, ఆసుపత్రి నుంచి.

"అన్నయ్యా, పాపని గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు. చీటీ వేశాను..."

"భలేదానివమ్మా! వారం నుంచీ దానిమీదే ఉన్నా."

ఫోన్ పెట్టేశాను. లోపల కాగితం విప్పుతున్న చప్పుడు.

ఎవరో సన్నగా ప్రార్థిస్తున్నారు. "ప్రభువా, ఈ తల్లి కొడుకు తాగుడు మాన్పించు... ప్రభువా, ఈ ముసలాయనకి చూపునివ్వు..."

ఆ గొంతు నాదే. కానీ నేనెన్నడూ అలా ప్రార్థించలేదు. ఎవరి ముందున్నాడో తెలిసినవాడి వణుకది.

తలుపు తోశాను. ఎవరూ లేరు. చెమట వాసన... పాత కాగితాల ముక్కిన వాసన... రెండేళ్ళ చీటీలన్నీ విప్పి, నేలంతా వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కటే మడత విప్పలేదు. అది చెల్లెమ్మది.

చెవి పక్కనే గుసగుస... "ఇది నువ్వు చెయ్యి."

కూలబడ్డట్టు మోకరించాను. "ప్రభువా..." అంతే. మాట రాలేదు. మైకు దొరికితే అరగంట వదలనివాణ్ణి! అక్కడ పసిపిల్ల గుండె కోస్తున్నారు... ఇక్కడ నా నోరు పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి "క్షమించు" అన్న ఒక్క ముక్క వచ్చింది. అదే అంటూ ఉండిపోయాను. మోకాళ్ళు మొద్దుబారాయి.

ఫోన్ మోగింది. దిగ్గున లేచి ఎత్తాను.

"అన్నయ్యా, పాప గండం గడిచింది!" చెల్లెమ్మ ఏడుస్తోంది. "మూడు గంటలూ మీరు ఆపరేషన్ గది బయట మోకాళ్ళ మీదే ఉన్నారు. మీరంత దైవభయంతో వణకడం నేనెప్పుడూ చూళ్ళేదు. కానీ ఇందాక వెళ్తూ ఒక మాటన్నారే, అదే అర్థం కాలేదు."

"ఏమన్నాను...?"

"'వాడు మోకాళ్ళ మీంచి లేచాడంటే నేను మళ్ళీ ఆ గదికి వెళ్ళాలి' అన్నారు. ఎవరన్నయ్యా?"

నేను నిలబడే ఉన్నాను.