నలభై మంది రాసుకున్న పాఠం

శనివారం ఉదయం ఆరున్నరకల్లా టీచర్ల యూనిఫారంలో ఉండాల్సిన ఎర్లిండా ఇంకా నైటీలోనే ఉంది. వెల్లుల్లి వేసి రాత్రి మిగిలిన అన్నం వేయిస్తోంది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషి. ఊళ్లో టీచర్లకు క్వాంటమ్ కంప్యూటింగ్ మీద మూడు రోజుల శిక్షణ నడుస్తోంది. ఇవాళే ఆఖరు. శిక్షణ ఇచ్చేవాళ్లలో ఆమె కూతురు రోవెనా ఒకతె. చిక్కంతా అక్కడే వచ్చింది.

నిన్న ఒక్కో టీచరు లేచి, మిగతావాళ్లనే పిల్లలనుకుని పది నిమిషాలు పాఠం చెప్పారు. ఎర్లిండా ఒక నాణేన్ని గుప్పిట్లో మూసి, ఇది బొమ్మో బొరుసో తెరిచి చూస్తే గానీ మనకు తెలియదు, క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలకు మూలమైన క్యూబిట్ అంటే ఇదేనని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అలాంటి చోట ముందు రెండు మంచి మాటలు చెప్పి ఆ తర్వాతే లోపం ఎత్తడం మర్యాద. రోవెనా అందరి విషయంలోనూ ఆ మర్యాద పాటించింది. తల్లి దగ్గరకొచ్చేసరికి మాత్రం, "ఇది తప్పు, మేడమ్" అని కూర్చుంది. ఇవాళ మళ్లీ చెప్పి మెప్పిస్తేనే బడిలో ఆ పాఠం చెప్పే పని ఎర్లిండా చేతికొస్తుంది.

"కాఫీలో పంచదార సరిపోయిందా, మేడమ్ రోవెనా?" అంది ఎర్లిండా కప్పు టక్కున పెడుతూ.

ఊళ్లో జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడిపే నెస్టర్‌కు భార్య గొంతు తెలుసు. పళ్లెం తీసుకుని వసారాలోకి జారుకున్నాడు.

"బట్టలు మార్చుకోమ్మా, ఆలస్యమవుతుంది."

"నేను రాను. పరువు ఒక్కసారి పోయింది చాలు."

"నిన్ను మెచ్చుకుంటే సొంత తల్లి కాబట్టి మెచ్చుకుందంటారని భయమేసింది."

"అందుకని పరాయిదాన్ని చేశావా? పరాయివాళ్లకైతే రెండు మంచి మాటలు దక్కాయి."

పొయ్యి మీద అన్నం అడుగంటుతోంది. ఎర్లిండా పొయ్యి ఆర్పి, అసలు బాధ బయటపెట్టింది. శిక్షణ కోసం ముందుగా పంపిన పుస్తకం చదివేసి, ఆత్రం ఆపుకోలేక ఆ నాణెం పాఠాన్ని బుధవారమే పదో తరగతికి చెప్పేసింది.

"నలభై మంది రాసుకున్నారే. నేను చెప్పింది కాబట్టి నమ్మి రాసుకున్నారు."

రోవెనా కుర్చీ దగ్గరకు లాక్కుని వివరించబోయింది. మొదలుపెట్టడమే పెద్ద పెద్ద సమీకరణాలతో మొదలుపెట్టింది. ఎర్లిండా చెయ్యెత్తి ఆపింది.

"నాకర్థం కాలేదు. పదో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పు."

తల్లి నోట అర్థం కాలేదన్న మాట రోవెనా పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తడబడుతూ, కాగితం మీద గీసి కొట్టేస్తూ, నాలుగోసారికి దారిలో పడింది.

"గుప్పిట్లో నాణెం ఎటు పడిందో అప్పటికే తేలిపోయిందమ్మా, మనకు తెలియదంతే. ఇది అలా కాదు. ఒక బాణం ఏటవాలుగా ఉందనుకో. నిలువా, అడ్డమా అనే మనం అడగగలం. ఏదో ఒకటి చెప్పక దానికి తప్పదు. చెప్పాక అటే తిరిగి నిలబడుతుంది."

"అడగకముందు నిలువూ కాదు, అడ్డమూ కాదన్నమాట."

"కాదు."

"ఈ ముక్క నిన్న అక్కడ చెప్పుంటే అందరికీ తెలిసేది. నీకు విషయం వచ్చు, చెప్పడం రాదు," అని ఎర్లిండా లేచి యూనిఫారం ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లింది.

ఆ రోజు ఆమె పాఠం నెగ్గింది. సోమవారం పదో తరగతిలోకి వెళ్లగానే, బుధవారం తాను తప్పు చెప్పానని, రాసుకున్నది కొట్టేయమని పిల్లలతో అంది. నలభై కలాలు ఒక్కసారిగా గీతలు కొట్టాయి. బాణం బొమ్మ గీసి మళ్లీ మొదటినుంచి చెప్పింది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, అలాంటి బాణాలు రెండుంటే ఏమవుతుందని అడిగింది.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎర్లిండా తరగతిలో ఎన్నడూ అనని మాట అంది.

"నాకు తెలియదమ్మా. మా అమ్మాయికి తెలుసు. అడిగి రేపు చెబుతాను."