లాభం, రెండు, మూడు

1971 నవంబరు 9, మంగళవారం. పొద్దున్నుంచీ ముసురు పట్టి సాయంత్రం అయిదింటికి తెరిపిచ్చింది. గాలి బొత్తిగా లేదు.

ఆ వీధి చివరి రాతి కొఠారుకి చెడ్డపేరు ఇవాళ్టిది కాదు. పన్ను ధాన్యం నింపడానికి ఏ కాలపు రాజో కట్టించాడు. రాజులు పోయారు, షావుకార్లు వచ్చారు, వాళ్ల తరవాత కాంట్రాక్టర్లు వచ్చారు. తలుపు మీద తాళం మారుతూ వచ్చిందే తప్ప, గింజలు మోసుకొచ్చి పోసినవాడు మాత్రం ఎప్పుడూ ఖాళీ కడుపుతోనే వెనక్కి పోయాడు.

చీకటి పడితే లోపల ఎవరో ధాన్యం కొలుస్తున్నట్టు వినిపిస్తుందని చెప్పుకునేవారు. కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు కదా, 'లాభం' అంటారు. తరవాతే రెండు, మూడు. ఎవరికి లాభం అని ఇన్ని వందల ఏళ్లలో ఒక్కడూ అడిగినట్టు లేదు... సరే, అదలా ఉంచండి.

చివరికి ఆ కొఠారు ధాన్యం కొలిచే ఒక కొలగాడి చేతికొచ్చింది. ఆయనకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు తాపీమేస్త్రీ, రెండోవాడు దర్జీ. చిన్నది ఆడపిల్ల. తండ్రి దగ్గర కొలత నేర్చింది, మంచాన పడ్డ తండ్రికి మూడేళ్లు చాకిరీ చేసింది. ఆయన పోతూ పోతూ కొఠారు కొడుకులిద్దరికీ రాశాడు.

నెల తిరక్కుండానే, ఆ మంగళవారం, మేస్త్రీ తమ్ముడి కొట్టుకి వచ్చాడు.

"ఒరేయ్, కొఠారు కింద పాతరుందిరా. నాన్న నా చెవిలో చెప్పాడు."

"నా చెవిలో చెప్పలేదే?"

"నీ చెవిలో ఎప్పుడూ మిషను చప్పుడేగా. లాంతరు పట్టుకురా. చెల్లికి చెప్పకు, వాటా అంటుంది."

దర్జీ నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న తనని దేనికీ పిలవలేదు. పిలిచేసరికి మనసు కరిగిపోయింది. కత్తెర బల్లమీద పడేసి వెంట నడిచాడు.

కొఠారు మధ్యలో ఒక బండ మిగతావాటికన్నా ఎత్తుగా ఉంది. అన్న గునపం తమ్ముడికిచ్చాడు. తను సమ్మెట పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"నువ్వు లేపు. నేను ఆపు పెడతా."

దర్జీ వంగాడు. బండ కదిలింది... ఇంకొంచెం... కిందనుంచి మట్టివాసన కాని వాసన ఏదో వచ్చింది.

అప్పుడు, లోపలి గది చీకట్లోంచి —

"లాభం."

దర్జీ ఉలిక్కిపడి తల తిప్పాడు. ఆ తిప్పడమే అతన్ని బతికించింది. తలమీద పడాల్సిన సమ్మెట కుడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది.

"వాటా కావాలా నీకు?" అన్న గొంతు గుసగుసలాగే ఉంది.

"రెండు."

రెండో దెబ్బకి చేతివేళ్లు నలిగాయి. దర్జీ కేక పెట్టాడు.

"మూడు."

మేస్త్రీ ఆగాడు. "ఎవరే లోపల? నువ్వేనా?"

చెల్లెలే అనుకున్నాడు. చూసినవాళ్లని వదలకూడదనీ అనుకున్నట్టున్నాడు. తమ్ముణ్ణి వదిలి, గొంతు వచ్చిన వైపు సమ్మెట తిప్పుకుంటూ పోయాడు. గాదె పగిలింది — "నాలుగు." తలుపు చీలింది — "అయిదు." గొంతు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు... "తొమ్మిది... పది..." సమ్మెట నడిమి స్తంభానికి తగిలింది.

"పదకొండు."

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తరవాత పై రాతిదూలం దిగింది. మేస్త్రీ అరవడానికి కూడా వ్యవధి లేకపోయింది.

"పన్నెండు."

జనం లాంతర్లతో వచ్చారు. వాళ్లని పిలుచుకొచ్చింది చెల్లెలే. ఏడుస్తూ ఉన్నమాట చెప్పేసింది. తనకెలాగూ ఏమీ రాదని, వెనక గుమ్మంలోంచి వచ్చి గింజలు కొలుచుకుంటోందట. నోటితో లెక్క చెప్పకుండా ఆమె చెయ్యి కొలవదు.

"మరి పన్నెండు దాకా కొలిచావేం?" అన్నాడు దర్జీ, నెత్తురు కారుతున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

"నా బుట్టకి మూడే పడతాయి, చిన్నన్నయ్యా. నీ కేక విని పరిగెత్తాను."

మర్నాడు బండ తిరగేశారు. కింద పదకొండు పుర్రెలు. అన్నిటికీ కుడిచెవి వెనక ఒకేలాంటి చిల్లు. పన్ను కొలవలేనివాళ్లని అప్పట్లో ఏం చేసేవారో ఎవరూ ఎవర్నీ అడగలేదు. బండ అడుగున కుంచం బొమ్మ చెక్కి ఉంది. పక్కన పన్నెండు గీతలు. పన్నెండోది కొత్తగా, తెల్లగా ఉంది. గునపం గీసుకుందన్నారు. అయ్యుండొచ్చు.

పంపకాలప్పుడు కొఠారు రాయి మేస్త్రీ భార్యకి పోయింది, స్థలం దర్జీకి వచ్చింది. లోపలి గింజలు ఇద్దరికీ చెరిసగం. తన ప్రాణం కాపాడిన చెల్లెలికి ఏమైనా ఇద్దామా అని దర్జీ ఒక పూట ఆలోచించి, ఊరుకున్నాడు. ఆమెకి ఏమీ రాలేదు. కొలవడానికి మాత్రం ఆమెనే పిలిచారు.

ఆమె వచ్చి రాశి ముందు కూర్చుంది. కుంచం ముంచింది. నోరు విప్పలేదు.

"లాభం అనవేం?" అన్నాడు దర్జీ.

"అది ఎప్పుడో అన్నారుగా. పన్నెండు దాకా అయిపోయింది, చిన్నన్నయ్యా."

కుంచం అతని సంచిలో కుమ్మరించి, అతని మొహంలోకి చూస్తూ మెల్లిగా అంది —

"పదమూడు."