ఎవరూ అడగని త్యాగం

“ఏమండీ, ఆ గొడుగు బయట పెట్టండి. పుస్తకాలు తడుస్తా ఉండాయి!”

“మనుషులు తడిస్తే పర్లేదు, పుస్తకాలు తడిస్తేనే మీకు బాధా సార్?”

మద్రాసు వాషర్‌మెన్‌పేటలో వెంకట్రామ్ నడిపే అద్దె పుస్తకాల షాపులోకి సంయుక్త అడుగుపెట్టింది అలాగే. తొంభైనాలుగు నవంబరు వాన. గొడుగు బయటికి పోయింది కానీ, ఆమె నవ్వు మాత్రం లోపలే ఉండిపోయింది.

టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి తిరిగొస్తూ ఆమె వారానికి రెండు నవలలు తీసుకెళ్ళేది. తిరిగిచ్చేటప్పుడు పోట్లాడేది.

“ఇందులో హీరో తన ప్రేమను ఫ్రెండుకి త్యాగం చేసేసినాడు. సినిమాల్లోనూ ఇదే కదా! ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగినారా ఎవురైనా?”

“స్నేహమంటే అట్లే ఉండాల,” అన్నాడు వెంకట్రామ్.

“స్నేహమంటే నిజం చెప్పాల సార్.”

సూటిగా అతని కళ్ళలోకి చూసి నవ్వింది. ఆ పూట అతను పరధ్యానంలో వేరేవాళ్ళ కోసం తీసిపెట్టిన పుస్తకాన్ని ఆమె సంచిలో పెట్టేశాడు.

తన ప్రేమ సంగతి ఆమెకు చెప్పాలని నెలరోజులు మాటలు కూర్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే జయప్రకాష్ వచ్చాడు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఒకటో క్లాసు నుంచి ప్రాణస్నేహితుడు. వెంకట్రామ్ తండ్రి పోయినప్పుడు పదిరోజులూ ఇంట్లోనే ఉండి, వాళ్ళమ్మను బతిమాలి నాలుగు మెతుకులు తినిపించినవాడు.

“మచ్చీ, మీ షాపుకి వస్తాదే సంయుక్త... పెళ్ళి మాట్లాడేదానికి మా అమ్మ ఆ పిల్ల ఇంటికి పోతానంటా ఉంది. నీకు బాగా తెలుసు కదా. ఆ పిల్ల మనసులో ఎవురన్నా ఉండారా?”

వెంకట్రామ్ అటు తిరిగి అరలో పుస్తకాలు సర్దాడు.

“ఎవురూ లేర్రా,” అన్నాడు.

రెండు రోజులకు సంయుక్తే వచ్చి అడిగింది. “మాకు సంబంధం వచ్చింది. మీ ఫ్రెండే. మీరేమంటారు?”

“మంచోడు. ఒప్పుకోండి.”

“ఇంకేం చెప్పాలని లేదా మీకు?”

“లేదు.”

ఆమె పుస్తకం తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఇంట్లో అడిగితే సరేనంది. వారం తిరక్కుండా నిశ్చితార్థం జరిగింది.

ఆ తర్వాత నాలుగో రోజున జయప్రకాష్ షాపుకొచ్చాడు. కూర్చోలేదు.

“సంయుక్త చెప్పేసింది రా. నిన్ను ఇష్టపడిందంట. నువ్వే నన్ను చేసుకోమన్నావంట. మనసులో ఒకటి పెట్టుకోని నాతో కాపురం చెయ్యలేనంది. సంబంధం వద్దనుకున్నాం.”

“నీ కోసమే రా నేను...”

“నేను అడిగినానా? నాలుగు రోజుల పరిచయానికే ఆ పిల్ల నాకు నిజం చెప్పింది. ఇరవై ఏళ్ళలో నీకు నోరు రాలేదా? వీధంతా ఇప్పుడు ఆమెను ఏమంటా ఉందో తెలుసా?”

వెంకట్రామ్ ఆమె ఇంటికి పరుగెత్తాడు. గుమ్మంలోనే అంతా చెప్పేశాడు, ప్రేమతో సహా. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు.

“రేపు ఇంకెవురన్నా అడిగితే నన్ను మళ్ళీ ఇచ్చేస్తారేమో, నాకెట్లా తెలుస్తాది? మీ మాట నమ్మాలనే ఉంది సార్. నా వల్ల కావడం లేదు.”

పొంగల్ సెలవుల లోపలే ఆమెను నెల్లూరులో పిన్ని దగ్గరికి పంపేశారు.

ఆ దుఃఖం చెప్పుకోవడానికి వెంకట్రామ్‌కి లోకంలో ఉన్నది ఒక్కడే మనిషి. కాళ్ళు వాటంతటవే పెరంబూరు క్వార్టర్స్‌కి నడిచాయి. జయప్రకాష్ తలుపు తీశాడు.

“బాగుండావా రా?”

“బాగుండా.”

“నిజంగానా?”

అవునన్నట్టు తల ఊపాడు వెంకట్రామ్.

ఈసారన్నా నోరు తెరుస్తాడేమోనని జయప్రకాష్ ఇంకాసేపు ఎదురుచూశాడు. తర్వాత మెల్లగా తలుపు వేసుకున్నాడు.