పద్దెనిమిది ఆదివారాలు

వాన తగ్గేదాకా ఎమ్మిగనూరు బడి వరండాలో చిక్కుకున్నది ముగ్గురం. నేను, కృపావతి, క్యాంపు సెక్రటరీ. మేమిద్దరం హౌస్ సర్జన్లం. పిల్లల వైద్య క్యాంపుకు మొదటిసారి వచ్చాం. కృపావతి సెక్రటరీ వెంటపడి సర్టిఫికెట్ అడుగుతోంది.

నాకు నోరు ఊరుకోదు. "ఏం డాక్టరమ్మా, ఇంట్లో గోడలకు అతికిస్తావా?" అన్నాను.

పమిట చెంగుతో ముఖం తుడుచుకుని నావైపు చూసింది. ఆ చూపుకే సగం చచ్చాను.

"మా నాయన ఏసన్న ఆదోని జిన్నింగు మిల్లులో హమాలి. పీజీ ఇంటర్వ్యూలో కూసునే సార్లెవురికీ ఆయప్ప తెలీదు. నా తరపున మాట్లాడేది ఈ కాగితాలే."

"మా ఇండ్లల్లో, సేవ చేసి చీటీ అడిగితే పుణ్యం పోతాదంటారు," అన్నాను గొప్పగా. మా నాన్న వెంకోబారావు సంస్కృతం మాస్టారు. ఆ మాట ఆయనది. నేను అరువు తెచ్చుకున్నాను.

అట్లా మొదలై పద్దెనిమిది ఆదివారాలు, పద్దెనిమిది క్యాంపులు. ఆదోని బస్సులో ఇద్దరికీ ఒకే సీటు, మధ్యలో మందుల పెట్టె.

"ఈ నడుమ సర్టిఫికెట్ అడిగేదే లేదు, ఏమి కథ?" అన్నాను ఒకరోజు.

"నువ్వు సెప్పినాక సిగ్గయితాంది. ఉండేవి గూడా ఇంట్లో ట్రంకు పెట్లో ఏసి మూసినాను."

కిటికీలోంచి జల్లు కొడుతుంటే నా రుమాలు ఇచ్చాను. తిరిగి ఇవ్వలేదు. సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

ఎనభై రెండులో పీజీ ఇంటర్వ్యూ వచ్చింది. పిల్లల వైద్యంలో మిగిలింది ఒక్క సీటు. చదువులో ఆమెకు నాకన్నా మూడు మార్కులు ఎక్కువ. ఆటలకు, ఎన్‌సీసీకి, క్యాంపులకు కూడా మార్కులు వేస్తారని మా మేనమామ సేతుమాధవరావు కనుక్కున్నాడు. పద్దెనిమిది క్యాంపులకూ నా పేరిట సర్టిఫికెట్ రాయించుకొచ్చాడు. నేను వద్దనలేదు. సీటు రాదేమోనని భయం.

ఇంటర్వ్యూ గది బయట ఆమె అడిగింది. "కాగితాలేమన్నా తెచ్చుకున్యావా?"

"లేదు," అన్నాను.

"నేనూ తేలేదప్పా," అని నవ్వింది.

క్యాంపులకు రుజువేదని లోపల ఆమెను అడిగారట. లేదని చెప్పిందట. రెండు మార్కుల తేడాతో సీటు నాకొచ్చింది.

ఆమెకు హొళగుంద ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. వెళ్లేరోజు ఆదోని బస్టాండుకు పరిగెత్తాను. ఆమె అప్పటికే బస్సెక్కి కూర్చుంది.

"కృపా, ఆ పొద్దు నా దగ్గర సర్టిఫికెట్ ఉన్నింది. నీకు అబద్ధం చెప్పినాను. నువ్వు లేకుండా నేను ఉండలేను. సీటొదిలేస్తాను, నువ్వు చేరు. పెండ్లి చేసుకుందాం."

ఆమె కిటికీలోంచి నావైపు వంగింది.

"నువ్వంటే నాకూ ఇష్టమే. ఆ పొద్దు ఒక్క మాట సెప్పింటే నా కాగితాలూ తెచ్చుకునేదాన్ని. సీటు ఎవురికొచ్చినా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం." కళ్లు తుడుచుకుంది. "సీటు వదిలేదానికి గడువు నిన్ననే అయిపాయ. అది తెలిసే ఈ పొద్దు వచ్చినావు గదా?"

కాదనబోయాను. బస్సు కదిలి వెళ్లిపోయింది.

తెలిసే వెళ్లాను.